మూడు వేల అడుగుల ఆయాసం

రేవుపాలెం షార్క్స్ ఫుట్‌బాల్ జట్టు జోడుగుమ్మి కొండ మీద ఆరు–సున్నాతో ఓడిపోయింది. ఓడిపోవడం ఆ జట్టుకు కొత్తేమీ కాదు. కాకపోతే ఈసారి ఓడించింది కాఫీ తోటల్లో కాయలు కోసుకుంటూ, తీరిక దొరికినప్పుడు బంతి తన్నుకునే జట్టు. అందుకని సంజాయిషీ రాసివ్వాల్సిన అవసరం వచ్చింది. ఆ పని కోచ్ గరికిన పోలారావు నెత్తిన పడింది.

పోలారావుకు యాభై రెండేళ్లు. ఒకప్పుడు రైల్వే జట్టులో ఎడమ వైపు ఆడేవాడు. ఇప్పటికీ సముద్రపు ఒడ్డున ఇసుకలో రోజూ పొద్దున నాలుగు మైళ్లు పరిగెడతాడు. ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో ఆయనకు తెలియనిది లేదు. ఘాట్ రోడ్డు మధ్యలో బస్సు ఆపించి జట్టంతా మటన్ బిర్యానీ తిన్నది. డిఫెన్స్‌లో ఉండాల్సిన ఇద్దరు రెండేసి ప్లేట్లు లాగించారు. ఐదో గోలు పడే వేళకు గోల్‌కీపర్ స్తంభానికి చేరగిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. లీగ్ వాళ్ల ఫారంలో ‘ఓటమికి కారణం’ అన్న గడిలో పోలారావు ఉన్నదున్నట్టు రాశాడు: ‘మావాళ్లు పరిగెత్తలేదు.’

జట్టు యజమాని ముదునూరి భీమరాజు రొయ్యల ఎగుమతి వ్యాపారి. ఆ కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇదేంటండీ పోలారావు గారూ! ఇలా రాసేస్తారా? రేపు పేపర్లో పడిందనుకోండి, మన చొక్కాల మీద పేరేయించుకున్న నూడుల్స్ కంపెనీవాడు ఏమనుకుంటాడండీ?”

“పరిగెట్టలేదు కదండీ మరి.”

“నేను మాత్రం చూళ్లేదేంటి? చూసిందల్లా రాసేసుకుంటామా? కాస్త మర్యాదగా వినపడేదేదన్నా చూడండి.”

పోలారావు కాసేపు తల గోక్కున్నాడు. ఆయనది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, ఆ పొడిగింపు వచ్చే నెలలోనే ఉంది. పాత వాక్యం కొట్టేసి, కొత్తది రాశాడు: ‘కొండ మీద మా ఆటగాళ్లకు ఊపిరి అందలేదు.’

అది అబద్ధం కాదు. ఊపిరి అందని మాట నిజమే. కొండ కింద కూడా అందదన్న సంగతి రాయలేదు, అంతే.

ఆ కాగితం లీగ్ కార్యాలయంలో అనేక బల్లలు దాటి, క్రీడావిజ్ఞాన సలహాదారు డాక్టర్ ప్రభంజనం బల్ల మీదికి చేరింది. లీగ్ ఆయనకు రెండేళ్ల కిందట ఒక గది, ఒక ఏసీ, ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి ఇచ్చి కూర్చోబెట్టింది. పని మాత్రం ఇవ్వలేదు. ‘ఊపిరి’ అన్న మాట కంటపడగానే ఆయన కుర్చీలోంచి లేచారు. విదేశీ పరిశోధన పత్రం ఒకటి ఆయన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మూడు వేలు దాటిన ఎత్తులో గాలి పలచబడుతుందనీ, పరాయి ఊరి జట్లకు రక్తంలో ప్రాణవాయువు తగ్గి కాళ్లు బరువెక్కుతాయనీ, బంతి కూడా మామూలుకన్నా వేగంగా దూసుకుపోతుందనీ అందులో ఉంది. జోడుగుమ్మి ఎత్తెంతో వాకబు చేశారు. మూడు వేల నూట ఇరవై.

“దాటింది!” అన్నారు డాక్టర్ ప్రభంజనం, అస్థిపంజరం వైపు తిరిగి.

వారం తిరక్కుండా ‘ఉన్నత ప్రదేశ ప్రభావ అధ్యయన, నివారణ, సమతుల్య సాధన సంఘం’ ఏర్పడింది. లీగ్ కార్యదర్శి విశ్వపతి దానికి అధ్యక్షులు. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా ‘దాహ నివారణార్థం తగు చర్య తీసుకోవలసినది’ అనే మనిషి ఆయన. సంఘంలోని ఐదుగురూ ప్రత్యక్ష పరిశీలనకు కొండెక్కారు. సాక్షిగా పోలారావును వెంట తీసుకెళ్లారు.

జోడుగుమ్మి అతిథి గృహానికి నలభై రెండు మెట్లున్నాయి. పైకి చేరేసరికి నలుగురు సభ్యులకు ఆయాసంతో మాట పెగల్లేదు. ఐదో ఆయన అసలు కారే దిగలేదు. డాక్టర్ ప్రభంజనం నలుగురి నాడి పట్టి చూసి, ‘తీవ్ర ప్రభావం’ అని రాసుకున్నారు. కారులో ఉన్నాయన పేరు పక్కన ‘కదలలేని స్థితి’ అని రాసుకున్నారు. అంతలో ఒక ముసలమ్మ తలమీద కట్టెల మోపుతో అవే మెట్లెక్కి, వాళ్లను దాటుకుని, పక్కనున్న దిబ్బ కూడా ఎక్కి పోయింది.

“చూశారా! ఇదీ స్థానికులకున్న అనుచిత లబ్ధి,” అన్నారు విశ్వపతి, ఊపిరి దొరికాక. “నమోదు చేయవలసినది.”

జోడుగుమ్మి జట్టు కోచ్ పాంగి సుకురు ఓ పక్కన నిలబడి ఇదంతా చూస్తున్నాడు. అతనూ పోలారావూ కుర్రతనంలో ఒకే రైల్వే జట్టులో ఆడినవాళ్లు.

“ఏటన్నా ఇదంతా?” అన్నాడు మెల్లగా. “మీవోళ్లు కడుపు నిండా తిని ఆడినారని ఒక్క ముక్క సెప్పీరాదా?”

“రెండ్రోజులు హడావుడి సేసి ఆళ్లే మరిసిపోతార్లేరా,” అన్నాడు పోలారావు. చెప్పేటప్పుడు సుకురు ముఖంలోకి చూడలేకపోయాడు.

వాళ్లు మరిచిపోలేదు. పదిహేను రోజుల్లో మొదటి ఉత్తర్వు వచ్చింది. కొండ మీద కొండ జట్టు వేసిన గోలును సగం గోలుగా లెక్కించాలి. కింది నుంచి వెళ్లిన జట్టుకు నష్టపరిహారంగా రెండు ‘ఊపిరి గోల్స్’ ఇవ్వాలి. ఆ లెక్కన ఆరు–సున్నా కాస్తా మూడు–రెండైంది. అయినా షార్క్స్ ఓడినట్టే. “ఇంకొక్కటి ఇచ్చుంటే సరిపోయేది కదండీ,” అని భీమరాజు నిట్టూర్చారు.

రెండో ఉత్తర్వు జోడుగుమ్మి క్లబ్బుకు నేరుగా వెళ్లింది. ‘మీ మైదానము నిర్దేశిత ప్రమాణము కన్నా రెండు వేల అడుగులు అధిక ఎత్తులో ఉన్నట్లు సంఘము దృష్టికి వచ్చినది. కావున ముప్పది దినములలోగా సదరు మైదానమును స్వంత శ్రమతో తగిన మేరకు క్రిందికి దించి, ఆ విషయము ధ్రువీకరించవలసినది.’

సుకురు ఆ కాగితాన్ని జట్టుకు చదివి వినిపించాడు. కుర్రాళ్లు గునపాలూ పారలూ పట్టుకుని నాలుగు రోజులు తవ్వారు. ఐదో రోజున అతను జవాబు రాశాడు: ‘అయ్యా, ఒక మూల ఆరడుగులు దించినాము. నీళ్లు పడినవి. ఊరివాళ్లు బిందెలతో వచ్చి తోడుకుపోతున్నారు. మిగతా పంతొమ్మిది వందల తొంభై నాలుగు అడుగుల సంగతి తమరే సెలవియ్యాలి. ఆట చూసేవాళ్లు కూడా మైదానంతో పాటు దిగాలా, పైనుంచి చూడొచ్చా తెలుపగలరు.’

సంఘం దీని మీద రెండు సార్లు సమావేశమై, ‘ప్రేక్షకులు తమ తమ ఎత్తులలోనే ఉండుటకు అభ్యంతరము లేదు’ అని బదులిచ్చింది.

జోడుగుమ్మిలో ఆడుకునే చోటు ఇప్పుడు సగం చెరువైంది. ఆ మాట చెవిన పడ్డాక పోలారావు ఇక ఊరుకోలేకపోయాడు. లీగ్ గ్రంథాలయానికి వెళ్లి ఆ విదేశీ పత్రం అడిగి తీసుకున్నాడు. ఆయనది రైల్వే ఇంగ్లిషు. వేలు పెట్టి ఒక్కో వరసా కూడబలుక్కుంటూ చదివాడు. రెండో పేజీలో వేలు ఆగిపోయింది. పత్రం పట్టుకుని తిన్నగా డాక్టర్ ప్రభంజనం గదికి పోయాడు.

“సార్, ఇందులో మూడు వేలన్నది మీటర్లండి. మన కొండ మూడు వేల అడుగులు.”

డాక్టర్ ప్రభంజనం చిరునవ్వు నవ్వారు. పిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. “పోలారావు గారూ, శాస్త్రంలో ప్రధానమైనది అంకె. అది అడుగా, మీటరా అన్నది కొలిచేవాడి సౌకర్యం.”

“మూడింతలు తేడా కదండీ! ఆ లెక్కన మన కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు.”

“ఆ తేడా మా దృష్టికి రాలేదనుకున్నారా? పదమూడో తారీఖు సమావేశంలో ప్రవేశపెట్టాం. సంఘం ఆమోదించలేదు.” కాస్త ఆగి, గొంతు తగ్గించారు. “అయినా ఊపిరి అందలేదని మొదట రాసింది మీరే. మా పరిశోధనంతా మీ వాక్యం మీదే నిలబడి ఉంది. ఇప్పుడు మీరే కాదంటే రేపు మీకేం మిగులుతుంది, నాకేం మిగులుతుంది?”

పోలారావు పత్రం మడిచి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఆ రోజు ఆయన మీద ఆయనకే రోత పుట్టింది. కానీ ఉద్యోగం పొడిగింపు కాగితం ఇంకా భీమరాజు సంతకం కోసం ఎదురుచూస్తోంది.

తర్వాతి మ్యాచ్ రేవుపాలెంలో, సముద్రమట్టానికి సరిగ్గా పదకొండు అడుగుల ఎత్తున జరిగింది. షార్క్స్ వాళ్లు ఇంటి దగ్గరే కదా అని మధ్యాహ్నం చేపల పులుసుతో నిండుగా భోంచేసి వచ్చారు. జోడుగుమ్మి నాలుగు గోల్స్ వేసింది. ఆ జట్టు కెప్టెన్ కొర్రా దొన్ను ఒక్కడే మూడు వేశాడు. అతని కాలి కింద బంతి చెప్పిన మాట వినే దూడలా మసలుకుంది. పరాయి జట్టు కోచ్‌నన్న మాట మరిచి పోలారావు రెండుసార్లు చప్పట్లు కొట్టాడు.

ఈ దెబ్బతో సంఘం నోరు మూతపడుతుందని ఆయన అనుకున్నాడు. సంఘం మరుసటి ఉదయమే సమావేశమైంది.

“ఇది మేము ముందే ఊహించిన పరిణామం,” అన్నారు డాక్టర్ ప్రభంజనం. “పలచటి గాలికి అలవాటుపడ్డ మనిషి దట్టమైన గాలిలోకి దిగితే, ఒక్కో ఊపిరీ వాడికి ఒక గ్లాసు పాలతో సమానం. అంటే కొండ జట్టుకు పైనా లబ్ధే, కిందా లబ్ధే.”

“ఉభయత్ర లబ్ధి,” అని విశ్వపతి ఆ మాటకు పేరు పెట్టారు. “తక్షణ నియంత్రణ ఆవశ్యకము.”

మ్యాచ్ మళ్లీ ఆడించారు. సముద్రమట్టంలో ఆడేటప్పుడు కొండ జట్టు సభ్యులు ఎడమ ముక్కుపుటానికి క్లిప్పు పెట్టుకోవాలని నియమం పెట్టారు. లీగ్ వాళ్లు దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పులు సరఫరా చేశారు. జోడుగుమ్మి కుర్రాళ్లు ముక్కుకు రంగురంగుల క్లిప్పులతో బరిలోకి దిగారు. గ్యాలరీలో జనం కాసేపు నవ్వారు. గంటన్నర తర్వాత ఎవరూ నవ్వలేదు. కొండ జట్టు రెండు–సున్నాతో గెలిచింది. ఆట అయ్యాక దొన్ను క్లిప్పు తీసేస్తే ముక్కు కమిలిపోయి, నెత్తురు చిమ్మి ఉంది. అతను ఆ క్లిప్పును తిన్నగా విశ్వపతి దగ్గరికి తీసుకెళ్లి, రెండు చేతులతో అందించాడు. “మీది, సారూ,” అని మాత్రం అన్నాడు. ఆయన దాన్ని అందుకుని రసీదు రాసిచ్చారు.

ఇక మిగిలింది ఈ రెండు జట్ల మధ్య ఫైనల్; ఊపిరి గోల్స్ పుణ్యమా అని షార్క్స్ కూడా అక్కడిదాకా వచ్చింది. గెలిచిన జట్టు జాతీయ పోటీలకు వెళ్తుంది. అక్కడ పెద్ద క్లబ్బుల వాళ్లు వచ్చి చూస్తారు. దొన్నులాంటి వాడికి జీవితంలో ఒక్కసారి తెరుచుకునే తలుపు అది. పైనా వద్దు, కిందా వద్దు కాబట్టి, రెండు ఊళ్ల ఎత్తులకూ నట్టనడిమిన ఆడించడమే న్యాయమని సంఘం తేల్చింది. సర్వేయర్లు కొలిచారు. సరిగ్గా సగం ఎత్తు ఘాట్ రోడ్డు ఏడో మలుపు పక్కనున్న కొండ వాలు మీద తేలింది.

“అది ఏటవాలు కదండీ,” అన్నాడు పోలారావు. “సదును సేయించరా?”

“అసాధ్యం,” అన్నారు విశ్వపతి. “చదును చేసిన పక్షంలో సగటు ఎత్తు మారిపోవును. యథాతథ స్థితి కొనసాగించబడును.”

పొదలు కొట్టి, వాలు మీదే సున్నంతో గీతలు గీశారు. పై గోలుకూ కింది గోలుకూ అరవై అడుగుల ఎత్తు తేడా. కింది గోలు వెనక పది గజాలు దాటితే లోయ. మొదటి సగంలో పై వైపు ఎవరికన్న దానికి టాస్ వేయలేదు. తక్కువ ఎత్తు నుంచి ఎక్కి వచ్చిన జట్టుకు ఎక్కువ శ్రమ కాబట్టి పై వైపు వాళ్లకే చెందాలని షార్క్స్‌కు ఇచ్చేశారు. “విరామం తర్వాత వైపులు మారతారు కనుక ఎవరికీ అన్యాయము జరగదు,” అని మైకులో ప్రకటించారు.

షార్క్స్ వాళ్లకు ఆ మైదానం నచ్చింది. పరిగెత్తాల్సిన పని లేదు. బంతిని తాకితే చాలు, దానంతటదే పోతోంది. జోడుగుమ్మి కుర్రాళ్లు కింది నుంచి బంతిని పైకి తెస్తుంటే, సగం దారిలో అది కాలి కింద నుంచి జారి వెనక్కి దొర్లిపోయేది. అయినా దొన్ను ఒకసారి మోకాళ్లతో నెట్టుకుంటూ పై గోలు దాకా తీసుకెళ్లాడు. కొట్టిన బంతి స్తంభానికి తగిలి, మైదానమంతా దొర్లి, వాళ్ల సొంత గోలులోకే వచ్చి పడింది. అదొక గోలు. రెండోది షార్క్స్ వాళ్లు పైనుంచి వదిలిన బంతి; జోడుగుమ్మి గోల్‌కీపర్ ఎదరున్న రాయికి తగిలి లోపలికి పోయింది.

ప్రతి రెండు మూడు నిమిషాలకూ ఓ బంతి లోయలోకి పోతోంది. ఒకదాని కోసం దిగిన షార్క్స్ లెఫ్ట్ బ్యాక్ కింది ఊరు చేరి, అక్కడ బస్సెక్కి తిరిగొచ్చేసరికి విరామం అయ్యింది. లీగ్ తెచ్చినవి పంతొమ్మిది బంతులు. విరామం ఈలకు ముందు నిమిషంలో పంతొమ్మిదోది కూడా లోయలోకి దూకింది.

జట్లు వైపులు మారాయి. ఇప్పుడు పై వైపు జోడుగుమ్మిది. పదకొండు మందీ గీత మీద నిలబడి, బంతి కోసం చూశారు. రిఫరీ ఉత్త చేతులు చూపించాడు.

విశ్వపతి నిబంధనల పుస్తకం తిరగేశారు. “బంతి లభ్యము కాని యెడల, అప్పటికున్న ఫలితమే అంతిమ ఫలితముగా పరిగణింపబడును. రేవుపాలెం షార్క్స్ విజేత.”

బంతి తెస్తాం, ఒక్క పావుగంట ఆగమని సుకురు బతిమాలాడు. సంఘం సభ్యుల బస్సు వేళైంది. దొన్ను గీత మీదే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బూట్లు విప్పి, లేసులు ముడివేసి, మెడలో వేసుకుని, రోడ్డు వెంట పైకి నడిచాడు. వంగిన తల ఒక్కసారి కూడా ఎత్తలేదు. పోలారావు అతను మలుపు తిరిగేదాకా చూశాడు.

కప్పు అందుకోవడానికి భీమరాజు పట్టుపంచెలో వచ్చారు. ముందు రెండు మాటలు మాట్లాడమని కోచ్‌ను పిలిచారు. పోలారావు మైకు పట్టుకున్నాడు.

“అందరికీ నమస్కారమండి. మావోళ్లకి ఊపిరి అందలేదని మొదట రాసినోడ్ని నాను. అది ఎత్తు వల్ల కాదండి. బిర్యానీ వల్ల. ఇంటి కాడ ఆడినా మావోళ్లు పరిగెట్టరు, సేపల పులుసు వల్ల. డాక్టరు గారు సదివిన కాగితంలో ఉన్నది మీటర్లు, ఇక్కడున్నది అడుగులు. ఈ కప్పు ఆ కుర్రోళ్లది. నా నోటి ముందర కూడు పోద్దని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉందండి.”

మొదట తేరుకున్నవారు డాక్టర్ ప్రభంజనం. చరచరా వేదిక ఎక్కి, పోలారావు మణికట్టు పట్టుకుని గడియారం చూశారు. కనురెప్పలు విప్పి చూశారు.

“నేను భయపడినంతా అయింది,” అన్నారు సభ వైపు తిరిగి. “ఎత్తు ప్రభావం మెదడుకు ఎక్కింది. దయచేసి అందరూ సానుభూతితో ఉండండి.”

సభ సానుభూతితో చప్పట్లు కొట్టింది. ఇద్దరు మనుషులు పోలారావును చెరో భుజం పట్టుకుని నెమ్మదిగా కిందికి దించారు. వేదిక వెనక సుకురు ఎదురయ్యాడు. ఏదో ఒక మంచి మాట అంటాడేమోనని పోలారావు ఆశపడ్డాడు.

“ఆ మాట మొదటి రోజే అనుంటే బాగున్ను, అన్నా,” అన్నాడు సుకురు.



ఉత్తర్వు మూడో రోజున ఇంటికి వచ్చింది. కోచ్ గరికిన పోలారావు ‘ఉన్నత ప్రదేశ జనిత సత్య ప్రలాపము’ అను రుగ్మతకు లోనైనట్లు సంఘం నిర్ధారించిందనీ, పూర్తిగా కోలుకొను వరకు విధుల నుంచి తప్పించడమైనదనీ, రోగి ఐదు వందల అడుగులకు పైబడిన ప్రదేశములకు వెళ్లరాదనీ అందులో ఉంది. ముందుజాగ్రత్తగా వెయ్యి అడుగులు దాటిన చోట లీగ్ సభల్లో మైకు వాడకాన్ని నిషేధించారు. జోడుగుమ్మి జట్టు లీగ్ నుంచి తప్పుకుని, కొండకు అవతలి పక్క రాష్ట్రంలో ఆడుతోందని పోలారావు విన్నాడు. అక్కడ ఇంకా ఎవరూ ఎత్తు కొలవలేదట. దొన్ను మాత్రం ఆ జట్టులో లేడు. తోటలోకే వెళ్లిపోయాడట.

పోలారావు ఒడ్డున పరుగు మానలేదు. ప్రతి సోమవారం లీగ్ వైద్య విభాగం నుంచి నర్సు సన్యాసమ్మ వచ్చి, వరండాలో కూర్చుని ఆయన బీపీ చూసి, ఒక ఫారం నింపుకుని పోయేది. నలభై అయిదు దాటిన మనిషి, పని తప్ప వేరే మాట ఉండేది కాదు.

“ఫైనల్లో చెప్పిన మాటలు తప్పని ఇప్పుడనిపిస్తందా, బాబూ?”

“లేదమ్మా.”

“తగ్గలేదు,” అని రాసుకునేది.

అలా నాలుగు సోమవారాలు గడిచాయి. ఐదో సోమవారం ఆమె ఫారం తీయలేదు. బీపీ పట్టీ చుట్టి సంచిలో పెట్టుకుని, లేవకుండా అలాగే కూర్చుంది.

“కొండెక్కకపోయినా మీ జబ్బు వస్తదా, బాబూ?”

“ఏటమ్మా, ఏటైంది?”

“మొన్న సభలో డాక్టరు గారు గంటన్నర మాటాడినారు. దిగినాక, ఎలాగుంది సన్యాసమ్మా అనడిగినారు. నోట్లోంచి దానంతటదే వచ్చీసింది, బాబూ. మీటరుకీ అడుగుకీ తేడా తెలీనోడి మాటలాగుందని సెప్పీసినాను.”

పోలారావు ఆమె వైపు చూశాడు. “ఏమన్నారు?”

“ఏటంటారు? సెలవు రాసిచ్చినారు.”

“ఎన్నాళ్లు?”

“తగ్గేదాకా.”